చుక్క కింద చుక్క

మొన్న కొట్లో ఒకాయన కౌలు అగ్రిమెంటు టైపు చేయించుకుంటుంటే పొదిలి నుంచి ఫోను వచ్చింది. మా పాత ఆఫీసు సార్ వాళ్ల చెల్లెలు. "అన్నయ్య పోయాడమ్మా. నిన్న పొద్దున్నే. మధ్యాహ్నానికల్లా అంతా కానిచ్చేశాం. ఫోన్లో నీ నంబరుంటే చెబుదామని చేశాను," అంది. అయ్యో అన్నాను. అగ్రిమెంటు ఆయన ఎదురుగా కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. పాపం ఆయనకేం తెలుసు. మిగిలిన రెండు పేరాలూ కొట్టి, ప్రింటు తీసిచ్చి, షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

సార్ ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ముందు బొటనవేలే గుర్తొస్తుంది. దేన్ని చూసినా ఒక కన్ను మూసి, బొటనవేలు నిటారుగా పట్టుకుని, దాని అంచు వెంట చూసేవారు. హోటల్లో ధరల బోర్డు చూసినా అంతే, గోడ మీద ఎన్నికల రాతలు చూసినా అంతే. సర్వరు వచ్చి "ఏం కావాలి సార్" అని నిలబడితే ఈయన వేలు దించకుండా "మీ బోర్డు ఎవరు రాశారు?" అని అడిగేవారు. నేను పక్కన సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. రెండు ఇడ్లీ అని నేనే చెప్పేసేదాన్ని.

పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "చూపులకెళ్లానమ్మా. వాళ్ల గోడ మీద క్యాలెండరు వంకరగా ఉంది. లేచి సరిచేశాను. వాళ్ల నాన్నకి కోపం వచ్చింది," అన్నారు. నిజమో వేళాకోళమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నవ్వుతూ మాట్లాడే మనిషి కాదు.

అప్పట్లో మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో ఒక ఎరువుల కొట్టు పైన మూడు గదులు. ప్రెస్సుల వాళ్ల కోసం తెలుగులో టైపు చేసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసేవాళ్లం. అది నడవడానికి కావలసిన ప్రోగ్రాములు రాసేది సార్. పెదకాకాని నుంచి రోజూ స్కూటీ మీద వచ్చి, ఆయన రాసినదాంట్లో టైపు కొట్టి, ఎక్కడ చెడిపోతోందో చెప్పేది నేను. డబ్బు పెట్టి మా ఇద్దరి మధ్యా నలిగిపోయేది ప్రొప్రయిటరు గారు.

సార్ ప్రాణమంతా టాబ్ మీద ఉండేది. ఆ కీ ఎందుకుందో చాలామందికి తెలియదు. కీబోర్డుకి ఎడమ పక్కన ఉంటుంది. పేజీలో ఫలానా చోట ఆగాలని ముందే ఒక గుర్తు పెట్టుకుంటే, ఆ కీ ఒక్కసారి నొక్కగానే అక్కడికి వెళ్లి ఆగుతుంది. పట్టికల్లో వరసలు నిటారుగా రావాలంటే అదే పద్ధతి. మనవాళ్లు ఆ పని చేయరు. స్పేస్ బార్ మీద వేలు పెట్టి, చోటు వచ్చేదాకా టకటకా కొడుతూ పోతారు. ఇంగ్లీషు టైపు మిషను మీద అది చెల్లింది. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. తెలుగులో 'ర' ఎంత, 'ఘ' ఎంత? తెర మీద వరసగా కనపడింది కాస్తా కాగితం మీదకి వచ్చేసరికి మెలికలు తిరిగిపోతుంది.

అందులోనూ అంకెల టాబ్ అంటే ఆయనకి మరీ పిచ్చి. తొమ్మిదిన్నర కింద నూట పన్నెండుంబావు కొట్టినా దశాంశం చుక్క కదలకూడదు. చుక్క పడేదాకా అంకెలు ఎడమకి జరుగుతూ పోవాలి, పడ్డాక కుడికి పెరగాలి. "చుక్క కింద చుక్క పడాలమ్మా. అప్పుడు ఏది ఎక్కువో ఏది తక్కువో చదవక్కర్లేదు. చూస్తే చాలు," అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. వెనక మేమంతా చుక్క సార్ అనుకునేవాళ్లం. ఆ పేరు విని, ఆయన సాయంత్రం పూట మందు వేస్తాడని కింద ఎరువుల కొట్టు వాళ్లు చాలాకాలం నమ్మారు.

పక్క గదిలోంచి వరసగా స్పేస్ బార్ చప్పుడు వినపడితే చాలు, "ఎవరది తలుపు కొడుతోంది?" అని కేకేసేవారు. ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నా ఆ చప్పుడు మాత్రం ఆయన చెవిన పడేది. ఇంట్లో ఉత్తరం ముక్క రాసుకుంటున్నా నా చెయ్యి స్పేస్ బార్ మీద ఆగిపోయేది. ఆయనంటే భయం కాదు, చిరాకు. ఆ చిరాకే నాకు పని నేర్పింది, అది వేరే సంగతి.

ఇంత చేస్తే, మా గుంటూరు వాళ్లు చుక్కే పెట్టరు. మిర్చి యార్డులో తూకం చీటీ చూడండి. ఒక టిక్కీ, అదే బస్తా, మిరపకాయలు నలభై రెండు కిలోల మూడు వందల యాభై గ్రాములు తూగిందనుకోండి, 42-350 అని మధ్యలో అడ్డగీత పెడతారు. పత్తి తూకమైనా అంతే. ప్రెస్సుకి వచ్చే కాగితాలన్నీ అలాగే వస్తాయి. సార్ చేసిన టాబ్ చుక్క కోసం వెతుక్కుని, అది కనపడక, అంకె మొత్తాన్నీ ఎడమకి నెట్టేసేది. గీతని కూడా చుక్కలాగే చూడమని చెబితే సరిపోతుంది కదా సార్ అన్నాను.

"అది గీత. గీతని చుక్కని ఎలా ఒప్పుకుంటాను?"

"మీరు ఒప్పుకోకపోతే యార్డు మూసేస్తారా?"

నాతో మాట మానేశారు. ఆ వారమే ఒక మధ్యాహ్నం కళ్లు ఎర్రగా చేసుకుని, తుమ్ముతూ, దగ్గుతూ ఆఫీసుకొచ్చారు. యార్డంతా తిరిగి కింద పడేసిన చీటీలు ఏరుకొచ్చారు. జేబు నిండా అవే. వాటిని నా బల్ల మీద పోసి, "అందరూ గీతే పెడుతున్నారమ్మా," అన్నారు. ఇంట్లో ఎవరో పోయినట్టుంది ఆ గొంతు. ఆ మిరప ఘాటుకి నేనూ తుమ్మడం మొదలుపెట్టాను, లేకపోతే నవ్వేదాన్నే.

గీతని ఒప్పుకున్నారు. ఎలాగూ ఎవరూ టాబ్ కొట్టడం లేదు కాబట్టి ఇంకో అడుగు ముందుకేశారు. వరసగా అంకెలు కనపడితే ఎడిటరే గుర్తుపట్టి వాటిని నిటారుగా నిలబెట్టేలా చేశారు. తెర మీద చూస్తే ముచ్చటేసింది. నేను కొట్టి చూశాను, ఎక్కడా చెడిపోలేదు. ఆ హుషారులో మా చర్చి సభ్యుల పుస్తకం పని నేనే పట్టుకొచ్చాను. పేరు, ఇంటి నంబరు, వీధి. అంతే.

గుంటూరులో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో నాకు తెలియదా, ఆయనకి తెలియదా? 5-37-42, 26-18-109. నిండా గీతలే. ఎడిటర్ వాటిని కూడా తూకాలనుకుంది. మొదటి గీతల్ని ఒకదాని కింద ఒకటి పేర్చేసరికి, నంబర్లు ఎడమకి ఎగబాకి పేర్ల మీద కూర్చున్నాయి, కుడికి సాగి వీధుల్లోకి చొరబడ్డాయి. ప్రెస్సులో ఎవరూ చూసుకోలేదు, పుస్తకాలు కుట్టి పంపేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి, పుస్తకం తెరిచి చూపించారు. "ఏమ్మా, మన సంఘస్థుల ఇళ్లన్నీ రోడ్డు మీదకొచ్చేశాయే," అన్నారు. కోప్పడినా బాగుండేది.

మర్నాడు ప్రొప్రయిటరు గారు సార్‌ని పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు. "మీ అంకెల టాబ్ ఎవరికి కావాలండీ? ఇన్నాళ్లుగా చేస్తున్నారు, నేనేమన్నా అన్నానా? ఒక్క ప్రెస్సువాడు, ఒక్కడంటే ఒక్కడు, ఇది లేకపోతే నాకు కుదరదంటే ఉంచుతాను. లేదంటే తీసేసి మిగతాది అమ్ముకుందాం. మీరు వేరే పని చూడండి," అన్నారు.

ఎడిటర్ తనంతట తాను అంకెలు పేర్చడం సార్ ఆ పూటే ఆపేశారు, మళ్లీ టాబ్ కొడితేనే పేర్చేలా చేశారు. బయటికొచ్చి, "నీ బండిలో పెట్రోలుందా?" అని నన్నడిగారు.

ఆ ఎండల్లో ఊళ్లో ప్రెస్సులన్నీ తిరిగాం. వెనక కూర్చుని ఒళ్లో సీడీల డబ్బా పట్టుకునేవారు. గుంట వస్తే బండికి దెబ్బ తగులుతుందని కాదు, డబ్బాకి తగులుతుందని కసిరేవారు. వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట. టీ ఇచ్చేవాళ్లు, కూర్చోబెట్టేవాళ్లు, "స్పేస్ కొడితే పోద్దిగా సార్," అనేవాళ్లు. ఒకతను టాబ్ కీ మీద కాగితం అతికించేశాడు, పొరపాటున వేలు తగిలితే ఎక్కడికో దూకుతోందని. అది చూసి సార్ టీ తాగకుండా లేచొచ్చేశారు.

చివరికి కొత్తపేటలో ఒక ప్రెస్సు ఆపరేటరు దొరికాడు. యాభై దాటిన మనిషి, మంచివాడు. చిన్నప్పుడు సీసం అక్షరాలు పేర్చే పని చేసి, తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాడు. మిర్చి కమిషన్ కొట్ల వాళ్లకి తూకాల పట్టికలు వేసేది అతనే. సార్ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"నాకు స్పేసంటే చేత్తో పట్టుకున్నట్టుంటది సార్. సీసం రోజుల్లో ఖాళీ కావాలంటే ఖాళీ ముక్కే పెట్టేవాళ్లం. ఇదేమో దూకిద్ది. ఎక్కడ వాలిద్దో ఏందో."

"ఎక్కడ వాలాలో చెప్పేది నువ్వే. నువ్వు గుర్తు పెట్టిన చోటే వాలుతుంది," అన్నారు సార్. ఆయన అంత ఓపికగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అతని వేలు పట్టుకుని టాబ్ మీద పెట్టించారు. అతను కొట్టాడు. 42-350. కింద 8-900. దాని కింద 112-050. గీత కింద గీత నిలబడింది. "అబ్బో, భలే ఉందే," అన్నాడు అతను. "వారం వాడి చూడు. బాగుంటే మా ఓనరుకి ఫోను చేసి ఒక్క మాట చెప్పు, చాలు," అన్నారు సార్. అలాగే సార్, ఎందుకు చెప్పను అన్నాడు. బయటికొచ్చాక సార్ నాకు గోలీ సోడా ఇప్పించారు. ఆయన చేత్తో నాకేదన్నా ఇప్పించడం అదొక్కసారే. తాగుతూ రోడ్డు మీద ఫ్లెక్సీ వైపు వేలెత్తి చూసి, "ఇది కూడా మారుతుందమ్మా," అన్నారు. మనిషి అంత ఆశపడకూడదని అప్పుడే అనిపించింది నాకు.

వారం గడిచింది, ఫోను రాలేదు. మేమే వెళ్లాం. అతను ఎదురొచ్చి, అప్పుడే వేసిన తూకాల పట్టిక సార్ చేతికిచ్చాడు. చూడటానికి పరవాలేదు. రెండు మూడు చోట్ల అంకెలు పక్కకి జరిగి ఉన్నాయి. సార్ బొటనవేలు పెట్టి చూసి, కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫైలు తెరిచారు. ఏ కీ ఎక్కడ కొట్టారో చూపించే మీట ఒకటి ఉండేది మా ఎడిటర్లో. అది నొక్కారు. ప్రతి లైనులోనూ అంకెల మధ్య ఖాళీల నిండా స్పేస్ గుర్తులే, చీమల బారులాగా. లైను చివర, అంకెలన్నీ అయిపోయాక, ఒక టాబ్ గుర్తు ఉంది. ప్రతి లైను చివరా ఉంది. అక్కడ దానికి చేసే పనేమీ లేదు.

"ఇదెందుకు కొట్టావు?" అని సార్ ఆ గుర్తు చూపించి అడిగారు.

అతను తల గోక్కున్నాడు. "మీరొచ్చి చూస్తారు గదా సార్. వాడలేదని బాధపడతారని, లైనుకి ఒకటి కొట్టాను."

సార్ ఆ మీట మళ్లీ నొక్కి గుర్తులు కనపడకుండా చేశారు. అతనికి ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు. "కాయితం మీద బానే ఉంది గదా సార్. అటూ ఇటూ అయినా తూకం చూసుకుంటారు గానీ వరస ఎవరు చూస్తారు?" అన్నాడు నెమ్మదిగా. ఎవడన్నా ఎగతాళి చేస్తే సార్ పోట్లాడేవారు, ఆయన నోరు నాకు తెలుసు. జాలిపడి లైనుకొక టాబ్ దానం చేసినవాడితో ఏం పోట్లాడతారు? లేచి అతని భుజం తట్టి బయటికొచ్చేశారు. దారి పొడవునా ఒక్క గుంట గురించి కూడా నన్ను తిట్టలేదు.

అంకెల టాబ్ తీసేసే పని కూడా ఆయనే చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ చేత్తో మీరే ఎందుకు తీయాలి సార్? ఓనరు గారినే ఎవరిచేతనన్నా తీయించుకోమనండి," అన్నాను. "వేరేవాడు చెయ్యి పెడితే మిగతాదంతా పాడుచేస్తాడమ్మా," అన్నారు. కూర్చుని ఎంతో జాగ్రత్తగా, పిల్ల తల్లో చిక్కు తీసినట్టు ఊడదీశారు. అయ్యాక నన్ను పిలిచి కొట్టి చూడమన్నారు. చూశాను. ఎక్కడా ఏమీ చెడలేదు. అది ఎప్పుడూ లేనట్టే ఉంది. "బాగుందా?" అన్నారు. బాగుంది సార్ అన్నాను. ఆ నెల జీతం తీసుకుని పొదిలి వెళ్లిపోయారు. మా కంపెనీ కూడా ఆ తర్వాత ఎక్కువకాలం నడవలేదు.

నేను పెదకాకాని రోడ్డులో ఈ కొట్టు పెట్టుకున్నాను. జిరాక్సు, టైపింగు, ఆన్‌లైన్ దరఖాస్తులు. పొదిలిలో చెల్లెలి ఇంట్లో ఉంటూ సార్ ఒక్కరే ఆ ఎడిటర్‌ని మళ్లీ మొదట్నుంచి రాసుకున్నారు. అంకెల టాబ్‌తో సహా. తూకమేదో ఇంటి నంబరేదో ఈసారి దానికి తెలిసేలా చేశారు. పెన్ డ్రైవులో వేసి బస్సు పార్శిల్లో పంపి, "పెట్టి చూడు. ఎవరికన్నా ఇవ్వు. ఊరికే ఇవ్వు," అన్నారు. నా పాత కంప్యూటర్లో పెట్టుకున్నాను. కొన్నేళ్లు వాడాను కూడా. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇచ్చాను. తీసుకున్నవాళ్లు మొహమాటానికి తీసుకున్నారు. తర్వాత్తర్వాత జనం అసలు టైపు చేయించుకోవడానికే రావడం తగ్గించారు. కాగితం మీద చేత్తో రాసి, ఫోనుతో ఫొటో తీసి పంపుకుంటున్నారు. వంకరగా ఉంటే ఫోను తిప్పి చూసుకుంటారు.

పోయిన వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చిందని తెలిసి పొదిలి వెళ్లాను. చెల్లెలు నన్ను లోపలికి తీసుకెళ్లింది. మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు. మాట కొంచెం ముద్దగా వస్తోంది గానీ అర్థమవుతోంది. ఎలా ఉన్నారు సార్ అన్నాను.

"ఒక్కడన్నా వాడుతున్నాడా?" అన్నారు.

బస్సులో వస్తూ ఒక అబద్ధం అల్లుకున్నాను. సత్తెనపల్లిలో ఒక విత్తనాల కొట్టాయన వాడుతున్నాడని, మీ గురించి అడుగుతుంటాడని. ఆ ముఖం చూశాక నోరు రాలేదు. చెప్పినా, ఏ లైన్లో ఎక్కడ కొడుతున్నాడని అడిగేవారు.

"లేదు సార్," అన్నాను.

"నువ్వు?"

"నేనూ లేదు సార్. ఆ పాత కంప్యూటరు కాలిపోయింది. కొత్తదాంట్లో అది తెరుచుకోవట్లేదు."

తల ఊపారు. కోపం లేదు. ఎందుకు తెరుచుకోవట్లేదో నాకు విడమరిచి చెప్పారు, ఎక్కడ ఏం మార్చాలో కూడా చెప్పారు. ఎడమ చేత్తో మార్చడం మొదలుపెట్టారట, కుదరలేదట. "నువ్వు చేయగలవా?" అన్నారు. నాకు ప్రోగ్రాములు రావని ఆయనకి తెలుసు. రాదు సార్ అన్నాను. మళ్లీ తల ఊపారు.

"మరి ఇంత దూరం ఎందుకొచ్చావమ్మా?" అన్నారు.

"మిమ్మల్ని చూద్దామని వచ్చాను సార్."

నేనేదో వరస తప్పి మాట్లాడినట్టు చూశారు. వంటింటి వైపు తల తిప్పి, "ఏమే, ఈ అమ్మాయి గుంటూరు నించి నన్ను చూట్టానికొచ్చిందంట," అని చెల్లెలికి చెప్పారు. ఆవిడ మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "చూడొద్దా మరి, ఆ పిల్లన్నా వచ్చింది," అని కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లింది.

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు రాకపోయినా ఏం కాదమ్మా. అది వాడి ఉంటే బాగుండేది," అన్నారు.

ఆయన తప్పేమీ మాట్లాడలేదు. తిరుగు బస్సులో ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.